స్టాగ్ మైదాన్ ఖిస్సా

చికాగో అంటే మన హైదరాబాదీ ఖాన్‌దాన్‌లకు పరాయి ఊరేం కాదు. ఎవరి మామూ కొడుకో, ఎవరి ఖాలా బిడ్డో అక్కడ ఉండనే ఉంటారు. డెవాన్ అవెన్యూలో మన బిర్యానీ దొరుకుతుందని, చలికి చెవులు ఊడిపోతాయని ఫోన్‌లో చెబుతుంటారు. ఆ వీధి ఊరికి ఉత్తరాన ఉంది. నేను చెప్పబోయే ఖిస్సా దక్షిణాన, హైడ్ పార్క్ మొహల్లాలో ఉన్న చికాగో యూనివర్సిటీది. నోబెల్ ఇనామ్‌లకు పేరుపడ్డ ఈ యూనివర్సిటీ ఒక జమానాలో ఫుట్‌బాల్ పహిల్వాన్. ఆ షాన్‌ను తన చేతులతోనే దించి పక్కన పెట్టింది.

అమెరికా వాళ్ల ఫుట్‌బాల్ మనం ఆడేది కాదు సుమా. కోడిగుడ్డు ఆకారం బంతిని చంకలో ఇరికించుకుని ఉరకాలి. ఎదుటివాళ్లు కబడ్డీలో పట్టినట్టు పట్టి కింద పడేస్తారు. ఎముకలు విరిగే ఆట.

రాక్‌ఫెల్లర్ దౌలత్‌తో 1890లో ఏర్పడిన ఈ యూనివర్సిటీలో పాఠాలు 1892 అక్టోబరులో మొదలయ్యాయి. మొదటి ప్రెసిడెంట్ విలియం రైనీ హార్పర్‌కు కొత్త సంస్థ పేరు దేశమంతా మోగాలన్న ఆరాటం. యేల్‌లో తన దగ్గర చదువుకున్న షాగిర్ద్ అమోస్ అలోంజో స్టాగ్‌ను పిలిపించాడు. స్టాగ్ పాదరీ కావాలనుకున్నవాడు. జనం ముందు నిలబడి వాజ్ చెప్పడం తన వల్ల కాదని తేలాక, కుర్రాళ్లను మైదానంలోనే తీర్చిదిద్దుదామనుకున్నాడు. ఆటల ఉస్తాద్‌కు ప్రొఫెసర్లతో బరాబర్ మర్తబా, పక్కా నౌకరీ ఇవ్వడం అప్పట్లో వింత. మొదటి ఏడాది మనుషులు చాలక ఉస్తాదే బరిలోకి దిగి ఆడాడు.

ఆయన 1932 దాకా 41 సీజన్లు నడిపించాడు. 1896లో ఏడు యూనివర్సిటీలు కలిసి పెట్టుకున్న జమాత్, తర్వాతి రోజుల్లో బిగ్ టెన్ అనిపించుకున్నది, అందులో చికాగో ఒకటి. స్టాగ్ హయాంలో ఆ జమాత్ ఖితాబ్ ఏడు సార్లు చికాగోకు వచ్చింది. వాటిలో 1905 నాటి గెలుపు ఇప్పటికీ చెప్పుకుంటారు. మిషిగన్ జట్టు 1901 నుంచి 56 ఆటల్లో ఒక్కటీ ఓడలేదు. నవంబర్ 30న చికాగో 2-0తో ఓడించింది. ఎదుటి ఆటగాణ్ని అతని గోల్ గీత వెనకే పడేసినందుకు దక్కిన రెండు పాయింట్లవి. పరుగు లేదు, గోల్ లేదు. అంత చిన్న లెక్కతో అంత పెద్ద దర్బార్ కూలింది.

అదే ఏడాది దేశంలో ఈ ఆట కుర్రాళ్ల ప్రాణాలు కూడా తీసింది. చావులు ఎక్కువై, ప్రెసిడెంట్ థియోడర్ రూజ్‌వెల్ట్ పెద్ద కాలేజీల వాళ్లను వైట్ హౌస్‌కు పిలిచి ఆటను బాగుచేయమన్నాడు. 1906లో కాయిదాలు మార్చి, బంతిని ముందుకు విసరడానికి ఇజాజత్ ఇచ్చారు. ఈ రోజు టీవీలో కనిపించే ఆట అక్కణ్నుంచి మొదలు.

1929లో రాబర్ట్ మేనార్డ్ హచిన్స్ ప్రెసిడెంట్ అయ్యాడు. ముప్ఫై ఏళ్ల నౌజవాన్. తాలీమ్ తప్ప వేరే ధ్యాస లేదు. స్టాగ్‌కు 70 నిండగానే, రూల్ ప్రకారం దిగిపొమ్మన్నారు. ముసలాయన అలిగి ఇంట్లో కూర్చోలేదు. కాలిఫోర్నియా పోయి ఇంకో కాలేజీ జట్టును పట్టుకున్నాడు. 81వ ఏట దేశంలోకెల్లా మేటి కోచ్‌గా ఇనామ్ తీసుకున్నాడు. 102 ఏళ్లు బతికాడు.

చికాగోకు మిగిలిన ఆఖరి వెలుగు జే బర్‌వాంగర్. 1934లో మిషిగన్ కుర్రాడొకడు అతణ్ని పట్టబోయి చెంప మీద గాటు తెచ్చుకున్నాడు. ఆ కుర్రాడి పేరు జెరాల్డ్ ఫోర్డ్, తర్వాత దేశానికే ప్రెసిడెంట్ అయ్యాడు. ఇప్పుడు హైజ్‌మన్ ట్రోఫీ అంటున్న ఇనామ్‌ను 1935లో మొట్టమొదట అందుకున్నది బర్‌వాంగరే. 1936లో ప్రొఫెషనల్ లీగ్ మొదటిసారి ఆటగాళ్లను ఎంచుకున్నప్పుడు మొదటి పేరూ అతనిదే. జీతం దగ్గర బేరం కుదరలేదు, ఒక్క ఆట కూడా ఆడలేదు. రబ్బరు నురగ అమ్మే పనిలో చేరాడు. ట్రోఫీని వాళ్ల అత్త తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకుంది!

తర్వాత అంతా జవాల్. 1939లో హార్వర్డ్ చేతిలో 61-0, మిషిగన్ చేతిలో 85-0, ఒహాయో స్టేట్ చేతిలో 61-0. గెలవాలంటే ఆటగాళ్లను డబ్బు పెట్టి తెచ్చుకోవాలి, చదవకపోయినా పాస్ చేయాలి; అది తాలీమ్‌కు ధోకా అని హచిన్స్ వాదన. ఆ డిసెంబర్ 21న ట్రస్టీలు ఫైసలా చేశారు: ఫుట్‌బాల్ బంద్. 1946లో బిగ్ టెన్ నుంచి కూడా బయటికొచ్చారు.

హచిన్స్ హిమ్మత్‌కు సలామ్ చేయాల్సిందే. పిల్లల ఫీజుల కోసం ఇంట్లో బంగారం అమ్ముకునే మనలాంటి వాళ్లకు ఆ మాట సూటిగా తగులుతుంది. కానీ ఓడిపోతున్న రోజుల్లో ఆటను వదులుకోవడం కొంచెం సులువు కూడా. 1905లో ఎవరైనా ఆ మాట అనగలిగేవారా అని నాకు అనుమానం.

ఖాళీ మైదాన్ తర్వాత చూసింది మరీ అజీబ్. ఎన్రికో ఫెర్మీ అణు రియాక్టర్‌ను ఊరి బయట అడవిలో కట్టాలనుకున్నారు. అక్కడ కూలీల సమ్మెతో భవనం ఆలస్యమైంది. దాంతో స్టాగ్ మైదాన్ పడమటి గ్యాలరీ కింద, స్క్వాష్ లాంటి ఆట ఆడే గదిలో, గ్రాఫైట్ దిమ్మెలు 57 వరసలు పేర్చారు. 1942 డిసెంబర్ 2 మధ్యాహ్నం మనిషి చేతిలో మొదటి అణు చైన్ రియాక్షన్ నడిచింది. నాగసాకి మీద పడ్డ ప్లుటోనియం బాంబుకు దారి అక్కణ్నుంచే. కుర్రాళ్లు గాయపడతారని, చదువు పాడవుతుందని బాధపడ్డ చోటే, ఇల్మ్ చేసిన పని ఇది. ఫుట్‌బాల్‌ను నిందించడానికి నాకు ఆ తర్వాత నోరు రాదు.

ఆట మళ్లీ అడుగుపెట్టబోతే 1963లో విద్యార్థులే మైదానం నడుమ బైఠాయించి అడ్డుకున్నారు. అయినా 1969లో యూనివర్సిటీ జట్టు తిరిగొచ్చింది. ఇప్పుడు డివిజన్ త్రీలో ఆడుతున్నారు. అక్కడ ఆట కోసం వజీఫాలు ఇవ్వరు, షౌఖ్ ఉంటేనే ఆడతారు. ఆ డివిజన్ ఫైనల్ పేరు స్టాగ్ బౌల్.

పాత మైదాన్ మాత్రం లేదు. దాని మీద 1970లో రీగెన్‌స్టీన్ కుతుబ్‌ఖానా తెరిచారు. పీఎల్ 480 గోధుమల కోసం రేషన్ దుకాణాల ముందు నిలబడ్డ మన బుజుర్గులకు తెలియని సంగతొకటుంది. ఆ గోధుమలకు మన సర్కార్ రూపాయల్లో కట్టిన సొమ్ములో కొంత పెట్టి అమెరికా వాళ్లు ఇక్కడి భాషల కితాబులు కొని తమ యూనివర్సిటీలకు పంపుకున్నారు. చికాగో వాటిలో ఒకటి. బారాబంకీ నుంచి వెళ్లిన సి.ఎం. నయీం సాహెబ్ 1961 నుంచి నలభై ఏళ్లు అదే యూనివర్సిటీలో ఉర్దూ చెప్పారు. ఒకప్పుడు బర్‌వాంగర్ బంతి పట్టుకుని ఉరికిన నేల మీద ఈ రోజు ఉర్దూ కితాబులూ తెలుగు కితాబులూ ఒకే ఛత్ కింద ఉన్నాయి.