మూడో అంకం

మొదటి రెండంకాల్లో పొట్ట చెక్కలయ్యేలా నవ్విన జనం మూడో అంకంలో దగ్గడం మొదలెడితే ఆ నాటకం పని అయిపోయినట్టే. ఏళ్ల తరబడి పరిషత్తు పోటీలకు రిహార్సల్స్ చేయించినవాణ్ణి, ఈ సంగతి నాకొకరు చెప్పక్కర్లేదు. అయినా అమెరికన్ నాటక రచయిత మాస్ హార్ట్ తన ఆత్మకథ ‘యాక్ట్ వన్’ (1959)లో చెబుతుంటే కళ్లప్పగించి చదివాను.

హార్ట్ 1904లో న్యూయార్క్‌లో ఓ పేదింట పుట్టాడు. నాటకాల పిచ్చి అంటించింది తల్లి తోబుట్టువు కేట్. ఓ నాటక నిర్మాత ఆఫీసులో కుర్రాడిగా చేరాడు, వేసవి క్యాంపుల్లో వినోదాలు నడిపాడు, హాలీవుడ్ మొహమైనా చూడకుండా టాకీలవాళ్లను వెక్కిరిస్తూ ‘వన్స్ ఇన్ ఎ లైఫ్‌టైమ్’ రాశాడు. నిర్మాత శామ్ హారిస్ వేస్తానన్నాడు గానీ, దాని మీద జార్జ్ కాఫ్‌మన్ చెయ్యి పడాలన్నాడు.

కాఫ్‌మన్ అప్పటికే బ్రాడ్‌వేలో పెద్ద పేరు. ఎవరైనా పొగిడితే ఇబ్బంది పడే మనిషి, తిండి ధ్యాస అసలే లేదు. ఎదురుగా కూర్చున్న కుర్రాడికేమో ఎప్పుడూ ఆకలే. పొద్దుటినుంచీ డైలాగులు కొట్టేస్తూ, తిరగరాస్తూ, టీ వేళ ఎప్పుడవుతుందా అని చూసేవాడట. జంట రచయితలని మనం అంటాం గానీ, మొదట్లో అది గురువు దగ్గర శుశ్రూషే.

న్యూయార్క్‌కు తెచ్చేముందు బయటి ఊళ్లలో ఆడి చూసుకోవడం అక్కడి రివాజు. మూడో అంకం ఎక్కడా నిలబడలేదు. ఒక దశలో కాఫ్‌మన్ ఇక తనవల్ల కాదన్నాడు, హార్టే పట్టు విడవలేదు. ఫిలడెల్ఫియాలో హారిస్ ఓ మాటన్నాడు: నాటకం మరీ గోలగా ఉందని. హార్ట్‌కు అప్పుడు వెలిగింది. ప్రేక్షకుడికి ఊపిరి తీసుకునే సందే లేదు! డబ్బు పోసి కట్టిన రెస్టారెంటు సెట్టు పీకేసి, రైలు పెట్టెలో కొద్దిమందితో సన్నివేశం రాశారు. మావాళ్లయితే సెట్టుకు చందా ఇచ్చిన పెద్దమనిషి ఏమనుకుంటాడోనని కథే మార్చేవాళ్లు.

1930 సెప్టెంబరు 24న మ్యూజిక్ బాక్స్ థియేటర్‌లో నాటకం గెలిచింది. అందులో రచయిత వేషం కట్టిన కాఫ్‌మన్, తెర ముందుకొచ్చి, దీంట్లో నూటికి ఎనభై పాళ్లు హార్ట్‌దేనని చెప్పి వెళ్లిపోయాడు. పొగడ్త పడనివాడు పొగడటం మాత్రం ఎరుగును.

ఆ పదేళ్లూ వాళ్లవే. ‘యు కాంట్ టేక్ ఇట్ విత్ యు’ (1936)కి పులిట్జర్ వచ్చింది, కాప్రా తీసిన సినిమాకు ఆస్కార్ వచ్చింది. ‘ద మ్యాన్ హూ కేమ్ టు డిన్నర్’ (1939)లో తమ మిత్రుడు, విమర్శకుడు వుల్‌కాట్‌నే పాత్ర చేసి ఆడుకున్నారు. 1940 తర్వాత కలిసి రాయలేదు. తగవేం లేదు, హార్ట్‌కు తన కాళ్ల మీద నిలబడి చూసుకోవాలనిపించింది.

1956లో ‘మై ఫెయిర్ లేడీ’కి దర్శకుడు హార్టే. జూలీ ఆండ్రూస్‌కు పాత్ర పట్టుబడకపోతే, మిగతా నటుల్ని పంపేసి రెండ్రోజులు ఆమె ఒక్కదానితో ఒక్కో వాక్యమే పట్టుకుని రిహార్సల్ చేయించాడు.