మట్టి కప్పు వెతికిన ప్రొఫెసర్

రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యాక ఈజిప్టుకు ఉక్కు, కలప రావడం దాదాపు ఆగిపోయింది. 1930 నుంచి కైరో లలిత కళల కళాశాలలో వాస్తుశిల్పం బోధిస్తున్న హసన్ ఫతీ దృష్టి అప్పటికే పల్లె ఇళ్ల మీద ఉంది. గోడలకు కావలసిన మట్టి నైలు ఒడ్డున ఎంతైనా దొరుకుతుంది. చిక్కంతా కప్పుతోనే. మన రాయలసీమ మట్టి మిద్దెకైనా దూలాలు, దంతెలు ఉండాలి కదా! చెట్టే కరువైన ఎడారి అంచున ఆ కలప ఎక్కడిది? పచ్చి ఇటుకలతోనే కమాను కప్పు వేయిద్దామని ఫతీ కైరో దగ్గరి బహ్తీంలో ప్రయత్నించారు. అది కూలిపోయింది.

దక్షిణాన నూబియా పల్లెల్లో మేస్త్రీలు సెంట్రింగ్ లేకుండానే అలాంటి కప్పులు వేస్తారని ఆయన సోదరుడు చెప్పారు. 1941లో ఫతీ విద్యార్థులను వెంటబెట్టుకుని అస్వాన్ వెళ్లారు. నదికి ఆవలి ఒడ్డున ఘర్బ్ అస్వాన్ అనే ఊళ్లో ఇల్లిల్లూ మట్టి కమానులే, గుమ్మటాలే. ఆ యాత్రలోనే లక్సర్ దగ్గర రామెసియం గుడి వెనుక ధాన్యపు కొట్లు చూశారు. మూడు వేల ఏళ్లకు పైబడిన పచ్చి ఇటుక కమానులవి, ఇంకా నిలబడే ఉన్నాయి. ఏ కళాశాలలోనూ చెప్పని పాఠం.

ఆ పని తీరు చూడముచ్చటైనది. ముందు గది చివర ఒక గోడ ఎత్తుగా కడతారు. దాని మీద తడి మట్టితో, ఏ కొలబద్దా లేకుండా, కమాను వంపు దిద్దుతారు. ఇటుకలు 25 సెంటీమీటర్ల పొడవు, 15 వెడల్పు, 5 మందం. బరువు తగ్గడానికి గడ్డి ఎక్కువ కలుపుతారు. తడిగా ఉన్నప్పుడే ఇటుక ముఖం మీద వేళ్లతో ఏటవాలుగా గాళ్లు గీస్తారు, మట్టి అడుసును పట్టుకోవడానికి. వరసలను నిలువుగా పేర్చరు, చివరి గోడకు ఆనేలా వాల్చి పేరుస్తారు. వరస వెనక్కి ఒరిగి ఉంటుంది కాబట్టి కమాను పూర్తయ్యేదాకా కింద ఊతం అక్కర్లేదు. చేతిలో ఉండే పనిముట్టల్లా ఒక బాడిస.

ఫతీ రప్పించిన ఆ మేస్త్రీలు కట్టిన తొలి ఇళ్లలో ఒకటి చిత్రకారుడు హమీద్ సయీద్‌ది. 1942లో కైరో శివార్లలోని మర్గ్‌లో మొదలైంది. ఫతీ ప్రతిభ కట్టడంలో కన్నా ఎవరి దగ్గర నేర్చుకోవాలో తెలుసుకోవడంలో ఎక్కువగా ఉందనిపిస్తుంది.

అసలు పరీక్ష గుర్నాలో ఎదురైంది. లక్సర్‌కు ఎదురుగా, పురాతన సమాధుల కొండ మీద సుమారు 7,000 మంది కాపురం ఉండేవారు. సమాధుల్లోని వస్తువుల దొంగతనాలు పెరిగాయని, ఊరినంతా పొలాల్లోకి దింపాలని పురావస్తు శాఖ నిర్ణయించి కొత్త ఊరి నిర్మాణం ఫతీకి అప్పగించింది. మసీదు, అంగడి, బళ్లు, నాటకశాల లేచాయి. జనం మాత్రం కదలలేదు. కొండ దిగితే పర్యాటకుల మీద వచ్చే ఆదాయం పోతుంది. పైగా అక్కడివారికి గుమ్మటం అంటే సమాధి మీద ఉండేది. అందులో కాపురమా? కాల్వ గట్టు తెగి నీళ్లు కూడా వచ్చిపడ్డాయి. అధికారుల జాప్యం సరేసరి. 1940ల చివరికి ఊరిలో కొద్ది భాగమే పూర్తయి పని నిలిచిపోయింది. ఫతీ తర్వాత రాసిన పుస్తకంలో గుమాస్తాల మీద కోపం పుష్కలం. ఊరివాళ్ల వాదనకు ఇంకొన్ని పేజీలు ఇచ్చి ఉంటే బాగుండేది.

1953లో ఆయన మళ్లీ కళాశాలకు వచ్చి, ఆ తర్వాత వాస్తుశిల్ప విభాగానికి అధిపతి అయ్యారు. 1957లో అదీ వదిలి ఏథెన్స్‌లో వాస్తుశిల్పి డాక్సియాడిస్ సంస్థలో చేరారు. తిరిగొచ్చాక పాత కైరోలోని దర్బ్ అల్ లబ్బానాలో ఓ పురాతన భవనంలో కాపురం పెట్టారు. పాత ఇళ్ల మల్కఫ్‌లు ఆయనకు ప్రయోగశాలలు. మల్కఫ్ అంటే కప్పు మీదకు లేచి గాలిని పట్టి గదిలోకి దించే బురుజు. 1964లో కైరోలోని భవన పరిశోధన కేంద్రంలో నమూనా గదులు కట్టి కొలిచి చూశారు. మట్టి ఇటుక గదిలో ఉష్ణోగ్రత రోజంతా 2 డిగ్రీలకు మించి మారలేదు. పలుచని ముందుగా పోతపోసిన కాంక్రీటు పలకల గదిలో 36 డిగ్రీలకు ఎక్కింది. పచ్చి ఇటుక పేదవాడి గతిలేని ఎంపిక అన్న మాటకు అంకెలతో జవాబు దొరికింది.

1973లో షికాగో విశ్వవిద్యాలయ ముద్రణాలయం ఆయన గుర్నా కథను ప్రచురించాక ప్రపంచం ఆయన వైపు తిరిగింది. 1980లో ఆగాఖాన్ ఛైర్మన్ పురస్కారం, రైట్ లైవ్‌లీహుడ్ పురస్కారం రెండూ వచ్చాయి. 1989లో కన్నుమూశారు.

మొదట కదలకపోయినా, తర్వాత కొత్త గుర్నాలో జనం చేరారు. ఫతీ పోయేనాటికే అక్కడి ఇళ్లు రూపు మారుతున్నాయి. పెళ్లయిన కొడుకుకు పైన గది వేయాలంటే గుమ్మటం అడ్డు. దాన్ని కొట్టి కాంక్రీటు స్లాబు పోశారు. 2010లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ ఈ ఊరిని ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేర్చింది. యునెస్కో కూడా పరిరక్షణకు పూనుకుంది. మసీదు, నాటకశాల వంటివాటిని బాగుచేయడం తేలికే, అవి ఎవరి సొంతమూ కావు. మిగిలిన చిక్కు ఇళ్లది. ఇంటాయనకు ఇంకో అంతస్తు కావాలి, పరిరక్షకులకు పాత గుమ్మటం కావాలి.