దివ్యనామ గోష్ఠి: అందరి కంఠాలకూ చోటు



త్యాగరాజస్వామి అనగానే తిరువయ్యారులో ఏటా పుష్య బహుళ పంచమినాడు విద్వాంసులు వరుసలుగా కూర్చుండి పాడే ఘనరాగ పంచరత్నాలు మన స్మృతికి వస్తాయి. అవి ఏండ్ల తరబడి సాధన చేసినవారికే లొంగుతాయి. అయితే ఆ మహానుభావుడే, శ్రుతి పట్టుకొనుట తెలియనివాడు సైతం నలుగురితో కలిసి పాడుకొనేటందుకు వీలుగా మరొక తీరు కీర్తనలను అనుగ్రహించినారు. అవే దివ్యనామ కీర్తనలు, ఉత్సవ సంప్రదాయ కీర్తనలు. కచేరీలలో వీటికి దక్కే గౌరవం కొద్దిపాటిదే. అది న్యాయం కాదని నా మనవి.

కృతిలో పల్లవికి సంగతుల మీద సంగతులు, అనుపల్లవికొక నడక, చరణానికొక నడక ఉంటాయి. దివ్యనామ కీర్తనలో ఆ బరువు లేదు. చిన్న పల్లవి, దాని వెంట పలు చరణాలు; చరణాలన్నింటికీ ఒకే వరుస. కొన్నింటిలో పల్లవికీ చరణానికీ కూడ ధాతువు ఒక్కటే. భాగవతులు మొదటి చరణం పాడగా విన్నవాడు రెండవదానికి మెల్లగా గొంతు కలుపుతాడు. నాలుగవ చరణానికి బెరుకు పోతుంది. నడుమ దీపం వెలిగించి, దాని చుట్టూ ప్రదక్షిణం చేస్తూ పాడుట సంప్రదాయం. తాళజ్ఞానం లేనివానికి అక్కడ పాదాలే తాళం చెబుతాయి.

ఈ మార్గం స్వామివారితో మొదలైనది కాదు. కావేరీ తీరాన గోవిందపురంలో బోధేంద్ర సరస్వతులు, తిరువిశనల్లూరులో శ్రీధర అయ్యావాళ్ నామసంకీర్తన మహిమను చాటినారు. స్వామివారి కాలంలోనే మరుదానల్లూరు సద్గురుస్వామి భజనకొక క్రమం ఏర్పరచినారు. ఆ క్రమంలో మన తెలుగువారి ఒడలు పులకరించే విషయమొకటి ఉన్నది. తమిళదేశపు భజన గోష్ఠులలో భద్రాచల రామదాసు కీర్తనలను నేటికీ తెలుగులోనే పాడుతారు. పదిహేడవ శతాబ్దంలో తానీషా ఏలుబడిలో గోల్కొండ చెరసాలలో మగ్గిన తహశీలుదారు కంచెర్ల గోపన్న పాట, తెలుగు అక్షరం చదువలేని నోళ్లలో ఇంతకాలం నిలిచినది. త్యాగరాజస్వామి (1767-1847) సైతం తమ కీర్తనలలో రామదాసును పేరుపెట్టి తలచుకొన్నారు. నారాయణతీర్థుల తరంగాలకూ ఆ గోష్ఠిలో స్థానం కలదు. ఆ ముచ్చట మరొకనాడు.

స్వామివారు ఉంఛవృత్తికి వీథులలో పాడుతూ వెళ్లేవారు. వీథి సభ కాదు గదా! గడపలో నిలిచిన ఇల్లాలూ, దారిన పోయే బాటసారీ ఆ నామం విన్నవారే. వారి ప్రియశిష్యుడు వాలాజాపేట వేంకటరమణ భాగవతులు సౌరాష్ట్రులు. ఆయన పరంపరలోని వ్రాతప్రతులు మధుర సౌరాష్ట్ర సభకు చేరి, ఎన్నో కీర్తనలను మనకు నిలిపినవి.

మన పల్లెల రామమందిరాల పద్ధతీ ఇదే. హార్మోనియం ఒకరికి వచ్చును, మృదంగం మరొకరికి. తక్కినవారికి చిడతలు, తాళాలు. ధనుర్మాసపు నగరసంకీర్తనలో వెనుక నడిచిన బాలుడు కొన్నేండ్లకు ముందుండి పాట అందుకొంటాడు. ఇప్పుడు మైకు వచ్చినది. మంచి గొంతు ఒక్కటే దాని ముందు కూర్చుంటున్నది, తక్కినవారు శ్రోతలవుతున్నారు.

ఒక భజనమందిరంలో నేను కన్నది చెబుతాను. ఒక వృద్ధురాలి గొంతు అపశ్రుతి పలుకుతున్నదని నిర్వాహకులు ఆమెను మైకుకు దూరంగా, స్తంభం వెనుక కూర్చుండబెట్టినారు. ఆమె ఏమీ అనలేదు. తరువాతి ఏకాదశికి రాలేదు. ఆనాడు కీర్తన మూడవ చరణం దగ్గర ఆగిపోయినది. మిగిలిన చరణాలు ఆ మండలిలో ఆమెకు తప్ప మరెవరికీ కంఠస్థం కావు.