వేసవి సెలవుల బీచ్‌లు, ఒకప్పటి రేవులు: కళింగపట్నం నుంచి భీమిలి దాకా

మే నెల వచ్చిందంటే జంషెడ్‌పూర్ తెలుగు ఇళ్లలో వినిపించేవి రెండే మాటలు: ఎండ, ఊరు. కద్మాలో గానీ బిష్టుపూర్‌లో గానీ ఎవరిని అడిగినా ఊరంటే చాలావరకు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపే. పిల్లల పరీక్షలు అయిపోతాయి, టాటానగర్ స్టేషన్‌లో పెట్టెలు, ఊరగాయ జాడీల కోసం ఖాళీ డబ్బాలు కనిపిస్తాయి. నా చిన్నప్పుడు మేమూ అలాగే వెళ్లేవాళ్లం. కళింగపట్నం బీచ్‌కు తీసుకెళ్లమని గొడవ చేస్తే మా అమ్మమ్మ "రేవుకెళ్తారేటి?" అని అడిగేది. బీచ్ అన్న మాట ఆవిడ నోట ఎప్పుడూ రాలేదు. అక్కడ ఓడ లేదు, గోదాము లేదు, ఇసుకా లైట్‌హౌసూ తప్ప. మరి రేవెక్కడ?

సివిల్స్ కోసం ఆధునిక భారత చరిత్ర చదవడం మొదలుపెట్టాక ఆ మాట అర్థమైంది. ఉత్తరాంధ్ర తీరంలో మనం సెలవులకు వెళ్లే చోట్లలో చాలావాటికి ఒకప్పుడు పని ఉండేది. ఆ పని పోయాక మిగిలిన ఖాళీలోనే మనం ఇవాళ ఫొటోలు తీసుకుంటున్నాం. మరి ఆ పని ఎందుకు పోయింది, చేసినవాళ్లు ఎటు వెళ్లారు? ఈ రెండు ప్రశ్నలు పట్టుకుని తీరం వెంబడి నడిస్తే ప్రాచీన చరిత్ర, ఆధునిక చరిత్ర, భూగోళం, వలసలు ఒకే యాత్రలో రివిజన్ అయిపోతాయి.

1. కళింగపట్నం, శాలిహుండం

వంశధార నది సముద్రంలో కలిసే చోట కళింగపట్నం ఉంది. ఇదే నది మీద ఎగువన శ్రీముఖలింగం ఉంది. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం అదేనని చరిత్రకారులు చెబుతారు. 12వ శతాబ్దంలో అనంతవర్మ చోడగంగ రాజధానిని కటక్‌కు మార్చాడు. పైన రాజధాని, కింద రేవు, మధ్యలో నది: ప్రాచీన వాణిజ్యానికి ఇంతకన్నా సులువైన పటం దొరకదు.

బీచ్‌కు కొద్ది కిలోమీటర్ల దూరంలో, వంశధార దక్షిణపు ఒడ్డున, శాలిహుండం కొండ ఉంది. దీన్ని 1919లో వెలుగులోకి తెచ్చింది గిడుగు వెంకట రామమూర్తి. వ్యావహారిక భాషోద్యమం, సవర భాషపై కృషి అనగానే మనకు గుర్తొచ్చే ఆ గిడుగే. క్రీ.పూ. 2వ శతాబ్దం నుంచి క్రీ.శ. 12వ శతాబ్దం వరకు ఇక్కడ బౌద్ధం నిలిచింది. స్తూపాలు, చైత్యాలతో పాటు తార, మారీచి విగ్రహాలు కూడా దొరికాయి. అంటే తొలినాటి బౌద్ధం నుంచి వజ్రయానం దాకా వచ్చిన మార్పు మొత్తం ఒకే కొండ మీద కనిపిస్తుంది. కొండ ఎక్కి చూస్తే కింద నది, దూరాన సముద్రం. విహారాన్ని ఇక్కడే ఎందుకు కట్టారో పుస్తకం చెప్పనక్కర్లేదు. భిక్షువులకు ఏకాంతమూ కావాలి, దానం చేసే వర్తకుడూ అందుబాటులో ఉండాలి.

2. తొట్లకొండ, బావికొండ

విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్లే బీచ్ రోడ్డులో సుమారు 15 కిలోమీటర్ల దగ్గర తొట్లకొండ వస్తుంది. సముద్రమట్టానికి 128 మీటర్ల ఎత్తు. 1976లో నౌకాదళం విమానం నుంచి చేసిన సర్వేలో ఈ శిథిలాలు కంటపడ్డాయి. 1988 నుంచి 1993 వరకు రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్ల తొట్లకొండ, బావుల వల్ల బావికొండ అని పేర్లు వచ్చాయి. భీమిలి దగ్గర పావురాళ్లకొండ కూడా ఇదే వరుసలోది.

ఈ పేర్లు పాలకులు పెట్టినవి కావు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పెట్టుకున్నవి. బౌద్ధం మరచిపోయినా, వాననీటిని దాచిన ఆ ఏర్పాటును జనం మరచిపోలేదు. మే ఎండలో కొండ మీద నిలబడి ఆ తొట్లు చూస్తే వాటి విలువ ఇంకా బాగా తెలుస్తుంది.

3. భీమిలి: డచ్చివారు, గోగునార

గోస్తనీ నది సముద్రంలో కలిసే చోట భీమునిపట్నం ఉంది. 17వ శతాబ్దంలో డచ్చివారు ఇక్కడ స్థావరం పెట్టారు. వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. డచ్ ఈస్ట్ ఇండియా కంపెనీ 1602లో ఏర్పడింది. 1759లో బెదారా యుద్ధంలో ఆంగ్లేయుల చేతిలో ఓడాక మన దేశంలో వాళ్ల రాజకీయ ఆశలు ముగిశాయి. కానీ భీమిలిలో జెండా దిగడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. 1824 ఆంగ్లో-డచ్ ఒప్పందం తర్వాత, 1825లో, ఇది బ్రిటిష్ చేతికి వచ్చింది. అప్పటికే 1765 షా ఆలం ఫర్మానాతో, 1766 నిజాం ఒప్పందంతో ఉత్తర సర్కారులు కంపెనీ పరమై చాలాకాలం అయింది. ఓడిపోయిన కంపెనీ కూడా వ్యాపారం కోసం ఒక చిన్న రేవును పట్టుకుని అన్నేళ్లు కూర్చుందంటే ఆ రేవు విలువ ఎంతో ఊహించుకోండి. 1861లోనే భీమిలి మున్సిపాలిటీ అయింది.

ఇక్కడి నుంచి ఎగుమతైన సరుకుల్లో గోగునార ఒకటి. ప్రపంచ మార్కెట్‌లో దాని పేరే 'బిమ్లీపట్నం జ్యూట్'. మనం గోంగూర పచ్చడి చేసుకునే మొక్క కుటుంబమే అది. దగ్గర్లోని చిట్టివలస, నెల్లిమర్ల జూట్ మిల్లులు ఈ నార మీద ఆధారపడినవే.

4. రేవులు ఎందుకు పోయాయి?

ఈ తీరంలో సహజమైన హార్బర్లు తక్కువ. ఒడ్డు దగ్గర లోతు తక్కువ, అలలు పెద్దవి. అందుకే ఓడలు దూరంగా లంగరు వేసుకుని నిలబడేవి. సరుకునూ మనుషులనూ మసూలా పడవలు ఒడ్డుకు చేర్చేవి. మేకులు లేకుండా కొబ్బరి తాడుతో పలకలు కుట్టిన పడవలవి. అల కొడితే వంగుతాయి గానీ విరగవు. పద్ధతి బాగానే ఉంది, కానీ సరుకును రెండుసార్లు ఎత్తి దించాలి. తుపాను కాలంలో పని ఆగిపోతుంది.

1893-1896 మధ్య బెజవాడ నుంచి కటక్ వరకు ఈస్ట్ కోస్ట్ రైల్వే దశలవారీగా తెరుచుకుంది. తర్వాత ఉత్తర భాగం బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కిందికి వెళ్లింది. రైలుకు అలలు లేవు, తుపాను సీజనూ పెద్దగా లేదు. రెండో దెబ్బ విశాఖ హార్బరు. డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున ఉన్న లోతట్టు చిత్తడి నేలను తవ్వి ఓడలు నేరుగా లోపలికి వచ్చేలా కట్టారు. 1933 అక్టోబరు 7న 'జలదుర్గ' అనే ఓడ ముందుగా లోపలికి వచ్చింది. అదే ఏడాది డిసెంబరు 19న వైస్రాయ్ విల్లింగ్‌డన్ లాంఛనంగా ప్రారంభించాడు. లోపలి ప్రాంతాల మాంగనీసు ఖనిజం రాయ్‌పూర్-విజయనగరం రైలు మార్గంలో ఇక్కడికి చేరింది. చుట్టూ ఉన్న చిన్న రేవులు చేసే పని ఒక్క పెద్ద రేవు దగ్గర పోగుపడింది.

అయితే పరీక్షలో కారణం ఒక్కటే అని రాయకండి. 1930ల ఆర్థిక మాంద్యం, 1937లో బర్మా వేరుపడటం, ఆ తర్వాత యుద్ధం, ఇవన్నీ కలిశాయి. కళింగపట్నం రేవు స్వాతంత్ర్యం తర్వాత మూతపడింది. మా అమ్మమ్మ నోట మాత్రం రేవు అన్న మాట మిగిలిపోయింది.

5. రేవును ముంచిన రైలే సెలవులను తెచ్చింది

సముద్రతీరంలో సెలవులు గడపడం మన దగ్గర పాత అలవాటు కాదు. సముద్ర స్నానం మనకు పర్వదినాల పుణ్యం, సరదా కాదు. సరదా అలవాటు రైలుతో వచ్చింది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పురీలో హోటల్ నడిపింది, ఇటు మన రాంచీలోనూ నడిపింది. ఒకే కంపెనీ కొండ గాలినీ సముద్రపు గాలినీ టికెట్టుతో పాటు అమ్మిందన్న మాట. బర్మాతో వ్యాపారం చేసిన గంజాం తీరపు గోపాల్‌పూర్ కూడా రేవుగా తగ్గి విహార స్థలంగా పెరిగింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే వరకు గంజాం కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేదని మరచిపోకండి.

6. జనం ఎటు వెళ్లారు?

రైలుకన్నా ముందు నుంచీ ఈ రేవుల్లో మనుషులు కూడా ఓడ ఎక్కేవారు. రంగూన్ రేవులో, బియ్యం మిల్లుల్లో తెలుగు కూలీలు వేలల్లో పనిచేశారు. 1930 మేలో రంగూన్‌లో జరిగిన అల్లర్లు రేవు పనిలో ఉన్న తెలుగు కూలీల మీదే మొదలయ్యాయి. 1942లో జపాన్ దాడితో లక్షల మంది భారతీయులు బర్మా వదిలి వచ్చారు, ఎందరో అడవుల గుండా నడిచి వచ్చారు, ఎందరో దారిలోనే పోయారు. 1960లలో మరో విడత తిరిగి వచ్చింది. విశాఖలో బర్మా క్యాంపు అన్న పేరు ఆ జ్ఞాపకమే.

మరికొందరు ఓడకు బదులు రైలెక్కారు. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపుకు వెళ్లారు, ఇక్కడికి వచ్చారు. టాటా ఉక్కు కంపెనీ 1907లో ఏర్పడింది, సాక్చిలో 1912లో తొలి ఉక్కు వచ్చింది, 1919లో చెమ్స్‌ఫర్డ్ ఈ ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. కాలీమాటి స్టేషన్ టాటానగర్ అయింది. మా తాతగారు కూడా అలా వచ్చినవారే. కాబట్టి జంషెడ్‌పూర్ తెలుగువాళ్లం సెలవులకు బీచ్‌కు వెళ్తే, మనవాళ్లకు పని చాలని తీరానికే టూరిస్టులుగా తిరిగి వెళ్తున్నామని అర్థం.

ఈ కథ ముగిసిందనుకోవద్దు. శ్రీకాకుళం మత్స్యకారులు ఇప్పటికీ వేట కోసం గుజరాత్‌లోని వేరావల్ వరకు వెళ్తారు. 2018 నవంబరులో అలా వెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్తాన్ అధికారులకు చిక్కి, 2020 జనవరిలో వాఘా దగ్గర విడుదలయ్యారు. సొంత తీరంలో పెద్ద పడవలు నిలిపే జెట్టీలు లేకపోవడం ఈ వలసకు ఒక ముఖ్య కారణం.

7. ఈ వేసవిలో వెళ్తే

మొదట ఒక విషయం. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవలకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి. ఒడ్డున వరుసగా లాగిపెట్టిన రంగు పడవలు ఫొటోలో చాలా బాగుంటాయి. కానీ మన సెలవు రోజులే ఆ ఇంటివాళ్లకు ఆదాయం లేని రోజులు. వల బాగుచేసుకుంటున్న మనిషి కనిపిస్తే ఫొటో కన్నా ముందు పలకరించండి. జీఎస్ పేపర్లో జీవనోపాధి గురించి రాయడానికి అంతకన్నా మంచి పాఠం ఉండదు.

కొండలు ఉదయం 9 లోపు ఎక్కేయండి. నీళ్లు వెంట ఉంచుకోండి. మధ్యాహ్నం ఎండలో ఆర్కే బీచ్‌లోని కురుసుర జలాంతర్గామి మ్యూజియం చూడొచ్చు. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో విరమించి, 2002లో మ్యూజియం అయింది. అయితే ఆర్కే బీచ్‌లో నీళ్లలోకి లోతుగా దిగడం ప్రమాదం. 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన రుషికొండ దగ్గరైనా సరే, లైఫ్‌గార్డ్ మాట వినండి.

సాయంత్రం భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు చూడండి. సముద్రమట్టం, వాతావరణం మారిన కాలాల గుర్తులు ఈ ఇసుక పొరల్లో ఉన్నాయి. 2014లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ దీన్ని భౌగోళిక వారసత్వ స్థలంగా గుర్తించింది. దిబ్బల మీదికెక్కి జారకండి. వేల ఏళ్లలో ఏర్పడిన అంచు ఒక్క కాలి అడుగుకు రాలిపోతుంది.

8. ఇప్పటి ప్రశ్న

2023 ఏప్రిల్‌లో శ్రీకాకుళం జిల్లా మూలపేట దగ్గర కొత్త ఓడరేవుకు శంకుస్థాపన జరిగింది. అంటే ఈ తీరానికి మళ్లీ రేవు వస్తోంది. మరోవైపు రిసార్టులు వస్తున్నాయి. చరిత్ర ఇక్కడ మనకు చెప్పేది ఒక్కటే. రేవు వచ్చినా, పోయినా, రిసార్టు వచ్చినా, లెక్కలో చివర వచ్చేది ఒడ్డున ఉన్నవాళ్ల పని. పాత రేవులు మూతపడినప్పుడు ఆ పని గురించి ఎవరూ ముందుగా ఆలోచించలేదు. కొత్త రేవులో, కొత్త హోటల్లో ఆ ఊరి పిల్లలకు ఏ పని దొరుకుతుందో ముందే అడగాలి. రేపు మనలో ఎవరైనా ఆ జిల్లాలో ఉద్యోగం చేస్తే, ఫైలు మీద సంతకం పెట్టేముందు అడగాల్సిందీ అదే.

సాధన కోసం ప్రశ్న (250 పదాలు, 15 మార్కులు): "రైల్వేలు, ఆధునిక హార్బర్లు ఉత్తరాంధ్ర తీరంలోని చిన్న రేవుల క్షీణతకు, ప్రజల వలసలకు ఎంతవరకు కారణం? ఇతర కారణాలతో పోల్చి చర్చించండి."

చేత్తో రాయండి, టైమ్ పెట్టుకుని రాయండి. ఈ వేసవిలో కళింగపట్నం వెళ్లే వీలుంటే శాలిహుండం కొండ ఎక్కి వచ్చాక ఇంకోసారి రాయండి. రెండు జవాబులకూ తేడా మీకే తెలుస్తుంది.