అతుకులేని నమూనా

డిజిటల్ డిజైన్‌లో పక్కపక్కన ఎన్నిసార్లు పేర్చినా అతుకు కనిపించని బొమ్మ. కుడి అంచు ఎడమ అంచుతో, పై అంచు కింది అంచుతో కలిసిపోవాలి. 512 పిక్సెళ్ల చతురస్రపు బొమ్మను అడ్డంగా, నిలువుగా 256 చొప్పున జరిపితే అంచులు నడిమధ్యకు వస్తాయి. అక్కడ తేలిన గీతను చెరిపేస్తారు. అది సులువే. ఒకే మచ్చ వరసగా కంటికి తగలకుండా చూడటమే అసలు కష్టం.

లేపాక్షి వీరభద్రాలయంలో ఇలాంటి నమూనాకు పాత రూపముంది. 16వ శతాబ్దపు విజయనగర శిల్పులు లతామండప స్తంభాలపై చెక్కిన తీగలు, పూలు, పక్షులు చీరల అంచులకెక్కాయి. పెడన కలంకారీలోనూ చెక్క అచ్చు పక్క అచ్చుతో గీత తప్పకుండా కలవాలి.