కోట కంటే ముందే నాణెం

గోల్కొండ ఎప్పుడు ఓడిందంటే అందరం 1687 అంటాం. నాణేల లెక్క వేరు. 1636లోనే అబ్దుల్లా కుతుబ్‌షా షాజహాన్‌కు లొంగి, ఏటా 2 లక్షల హొన్నులు కప్పం కట్టడానికి, మొఘల్ చక్రవర్తి పేరుతో నాణేలు కొట్టించడానికి ఒప్పుకున్నాడు. ఆ ఒప్పందం ప్రకారం సింహాసనం తనదే, నాణెం మీద పేరు మాత్రం ఇంకొకరిది. కోట పడటానికి ఇంకా 51 ఏళ్లుంది.

కోట పడ్డాక ఔరంగజేబు ఊరి పేరునూ వదల్లేదు. ఆయన హైదరాబాదు రూపాయల మీద 'దారుల్ జిహాద్' అని ఉంటుంది. అంటే మతయుద్ధపు నెలవు. ఇవాళ పెద్ద అంబర్‌పేట్ ఉన్న ఈ తూర్పు దిక్కున, మచిలీపట్నం దాకా బేరాలు చేసుకునేవాళ్లలో ఆ ఫార్సీ అక్షరాలు చదవగలిగిందెందరు? చదవకపోయినా, ఓడినవాళ్లు ఆ ముద్రను మొలలో దోపుకుని తిరగాల్సిందే.

నిజాముల నాణేల మీద అదే ఊరు 'ఫర్ఖుందా బునియాద్', శుభమైన పునాది. మ్యూజియంలో పాత రూపాయి కనబడితే రాజు పేరు దగ్గరే ఆగకండి, ఊరిని ఏమని పిలిచారో కూడా చూడండి.