మూకుడులోని నూనె – మోటారుకు ఇంధనం

ఏటా ఆగస్టు 10వ తేదీన మన దేశంలో జీవ ఇంధన దినం జరుపుతారు. ఆ సందర్భంలో తరచు వినిపించే కథ ఒకటి గలదు. 1893లో సరిగా ఆనాడే రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మన్ ఇంజనీరు తన కొత్త ఇంజనును వేరుశనగ నూనెతో నడిపి లోకాన్ని ఆశ్చర్యపరచాడనీ, నూనెగింజలు పండించే రైతుకోసమే ఆ ఇంజను పుట్టిందనీ ఆ కథ సారాంశం. కథ ముచ్చటగానే ఉంది, కాని నిజం కాదు. నిజంగా జరిగినది ఇంతకంటె బోధప్రదమైనది. వేపుడుకు వాడి విడిచిన నూనె నేడు లారీకి ఇంధనం కావడానికి అసలు కారణం ఆ నిజచరిత్రలోనే ఉంది.

వేరుశనగ కథ

1893 ఆగస్టు 10న ఆగ్స్‌బర్గు నగరంలో డీజిల్ తన మొదటి నమూనాను పరీక్షించిన మాట వాస్తవమే. అయితే ఆనాడు వాడినది భూమినుండి తీసిన ఖనిజతైలానికి సంబంధించిన ఇంధనం. సిలిండరులో పుట్టిన పీడనానికి దానిని కొలిచే పరికరమే పగిలిపోయింది. ఇంజను తనంత తాను తిరగనైనా లేదు. 1894 ఫిబ్రవరిలో అది మొదటిసారి సొంత బలంతో సుమారు ఒక్క నిమిషంపాటు తిరిగింది. ఇంధనంలోని శక్తిలో నాలుగోవంతుకు పైగా పనిగా మార్చగలదని 1897లో ఋజువయింది. ఆనాటి ఆవిరి యంత్రాలేవీ ఆ దరిదాపులకు రాలేదు.

వేరుశనగ నూనె రంగంలోకి వచ్చింది 1900లో. ఆ సంవత్సరం పారిస్ ప్రదర్శనలో ఆటో కంపెనీవారు ఒక చిన్న డీజిల్ ఇంజనును ఫ్రెంచి ప్రభుత్వం కోరికపై ఆ నూనెతో నడిపి చూపించారు. ఆఫ్రికాలోని ఫ్రెంచి వలసలలో వేరుశనగ విస్తారంగా పండేది. బొగ్గూ, ఖనిజతైలమూ దూరదేశాలనుండి తెప్పించకుండా అక్కడి పంటతోనే యంత్రాలు నడపవచ్చునా అన్నది ప్రభుత్వంవారి ఆలోచన. ఇంజను ఎంత సాఫీగా నడిచిందంటే, వేరే నూనెతో నడుస్తున్నదని చూపరులలో బహుకొద్దిమందికే తెలిసింది. ఈ సంగతులన్నీ 1912లో లండనులోని మెకానికల్ ఇంజనీర్ల సంస్థకు సమర్పించిన వ్యాసంలో డీజిల్ స్వయంగా చెప్పాడు. మరుసటి ఏడు సెప్టెంబరులో ఇంగ్లండుకు ఓడలో వెళ్తూ రాత్రివేళ అదృశ్యమై మరణించాడు.

చిక్కదనమే చిక్కు

ప్రదర్శనలో కొద్ది గంటలు నడవడం వేరు, ఏళ్ళ తరబడి నడవడం వేరు. డీజిల్ ఇంజనులో మెరుపుముల్లు ఉండదు. లోపలి గాలిని గట్టిగా అదిమినప్పుడు అది విపరీతంగా వేడెక్కుతుంది. ఆ గాలిలోకి ఇంధనాన్ని సన్నని తుంపరగా చిమ్మిన తోడనే అంటుకొంటుంది. తుంపర ఎంత సన్నగా ఉంటే మంట అంత పూర్తిగా ఉంటుంది. వృక్షతైలాలు ఇక్కడే ఓడిపోయాయి. 40 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద సాధారణ వంటనూనెల చిక్కదనం డీజిల్ చమురుకంటె సుమారు పదిరెట్లు ఎక్కువ. చిక్కని నూనె పెద్ద బొట్లుగా పడి సగం కాలుతుంది. తుంపర చిమ్మే రంధ్రాల చుట్టూ మసి గడ్డకడుతుంది, పిస్టను కడియాలు అంటుకుపోతాయి.

నూనె ఇంత చిక్కగా ఉండడానికి కారణం దాని అణునిర్మాణంలో ఉంది. గ్లిసరాలు అనే పొట్టి కాడకు మూడు పొడుగాటి కొవ్వు ఆమ్లపు గొలుసులు తగిలించి ఉంటే అది ఒక నూనె అణువు. ఆ మూడు గొలుసులనూ కాడనుండి విడదీసి ఒక్కొక్క దానికి ఒక్కొక్క ఆల్కహాలు అణువును జోడిస్తే, చిన్న అణువులు గల పలుచని ద్రవం వస్తుంది. దీని పేరు ఎస్టరు. కాడ గ్లిసరాలుగా వేరుపడి అడుగున చేరుతుంది. 100 కిలోల నూనెకు సుమారు 11 కిలోల మిథైల్ ఆల్కహాలు చేరితే, దాదాపు 100 కిలోల ఎస్టరూ, పది కిలోలకు పైగా గ్లిసరాలూ లభిస్తాయి. చర్య వేగంగా జరగడానికి కాస్టిక్ సోడా వంటి క్షారం కొద్దిగా ఉండాలి.

విచిత్రమేమంటే ఈ చర్య డీజిల్ పుట్టకముందే రసాయనజ్ఞులకు తెలుసు. 1853లోనే డఫీ కొవ్వుల మీద జరిపిన పరిశోధనలలో ఇది కనిపించింది. కాని దానిని ఇంజనుతో ముడిపెట్టినవారు లేరు. 1937 ఆగస్టు 31న బ్రస్సెల్స్ విశ్వవిద్యాలయానికి చెందిన షవాన్ అనే శాస్త్రజ్ఞునికి ఒక బెల్జియన్ పేటెంటు లభించింది. పామ్ నూనెను ఎస్టరుగా మార్చి ఇంధనంగా వాడే పద్ధతి అందులో ఉంది. 1938 వేసవిలో బ్రస్సెల్స్, లూవెన్ నగరాల మధ్య ఒక బస్సు ఆ ఇంధనంతో నడిచింది. నేడు బయోడీజిల్ అని పిలిచే దానికి ఇదే నాంది. ఇంజనును నూనెకు సరిపడేట్లు మార్చడంకంటె, నూనెనే ఇంజనుకు సరిపడేట్లు మార్చడం సుళువని తేలింది.

తిండా, ఇంధనమా?

యుద్ధానంతరం ఖనిజతైలం చౌకగా దొరకడంతో ఈ ప్రయోగాలు మరుగునపడ్డాయి. 1973లో చమురు ధరలు ఆకాశాన్ని అంటినప్పుడు అవి తిరిగి జ్ఞాపకం వచ్చాయి. దక్షిణాఫ్రికాలో ప్రొద్దుతిరుగుడు నూనెతో, ఆస్ట్రియాలో ఆవజాతికి చెందిన రేప్ గింజల నూనెతో ఎస్టరులు తయారుచేసి ట్రాక్టర్లు నడిపి చూశారు. 1991లో ఆస్ట్రియా ఈ ఇంధనానికి నాణ్యతా ప్రమాణాన్నికూడా నిర్ణయించింది.

అయితే ఒక ప్రశ్న మిగిలే ఉంది. మనిషి తినవలసిన నూనెను యంత్రానికి పోయవచ్చునా? వంటనూనె అవసరంలో సగానికి పైగా దిగుమతి చేసుకొనే భారతదేశానికి ఈ ప్రశ్న మరీ ముఖ్యమైనది. దీనికి రెండు సమాధానాలు ఉన్నాయి. మొదటిది, తినడానికి పనికిరాని నూనెలను వాడడం. నాటి ఆదిలాబాదు జిల్లాలోని పవర్‌గూడ అనే గోండు గూడెం స్త్రీలు కానుగ చెట్లు పెంచి, గింజలనుండి నూనె తీసే పనికి పూనుకొన్నారు. ఆ నూనె డీజిల్ చమురుకు బదులు కాలితే 147 టన్నుల బొగ్గుపులుసు వాయువు తగ్గుతుందని లెక్కించి, 2003లో ప్రపంచ బ్యాంకు వారికి 645 డాలర్లు చెల్లించింది. రెండవ సమాధానం, ఒకసారి తిండికి ఉపయోగపడి, ఇక పనికిరాని నూనెను వాడడం.

వాడిన నూనె స్వభావం

మూకుడులో గారెలూ, పకోడీలూ వేగుతున్నప్పుడు పిండిలోని తడి నూనెతో కలిసి దాని అణువులను చీలుస్తుంది. కొవ్వు ఆమ్లాలు విడివడతాయి. గాలీ వేడీ తగిలి మరికొన్ని అణువులు ఒకదానికొకటి అతుక్కొంటాయి. నూనె నల్లబడి, చిక్కబడి, నురగ కట్టడానికి కారణమిదే. ఇటువంటి నూనెలో క్షారాన్ని కలిపితే, విడివడిన ఆమ్లం ముందుగా ఆ క్షారాన్ని మింగి సబ్బుగా మారుతుంది. అసలు చర్యకు క్షారం చాలదు. కనుక ముందుగా ఆమ్లాన్ని కొలవాలి. ఒక మిల్లీలీటరు నూనెను పది మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాలులో కరగించి, ఫినాఫ్తలీన్ చుక్కలు వేసి, లీటరుకు ఒక గ్రాము కాస్టిక్ సోడా గల ద్రావణాన్ని గులాబీరంగు నిలిచేవరకు కలుపుతారు. తాజా నూనె లీటరుకు సుమారు 3.5 గ్రాముల సోడా చాలు. వాడిన నూనెకు, ఈ పరీక్షలో పట్టిన ప్రతి మిల్లీలీటరుకూ ఒక గ్రాము అదనంగా వేయాలి. ఉన్నత పాఠశాలలో నేర్చే అంశమాపనమే ఇది.

ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో 1994లో రెండు బస్సులను ఇటువంటి ఇంధనంతో నడిపి పరీక్షించారు. ఇంగ్లండు, అమెరికాలలో ఎందరో ఔత్సాహికులు హోటళ్ళలో పారబోసే నూనె తెచ్చి పెరటిలోనే ఇంధనం తయారుచేసుకోసాగారు. 2002లో వేల్స్‌లోని లనెల్లీ పట్టణంలో, పన్ను కట్టకుండా వంటనూనెతో కార్లు నడిపేవారిని పోలీసులు పట్టుకొన్నారు. బండ్ల వెనుక వచ్చే వేపుడు వాసనే వారిని పట్టిచ్చింది. చివరకు 2007లో బ్రిటిష్ ప్రభుత్వం ఏడాదికి 2,500 లీటర్లవరకు తయారుచేసుకొనేవారికి ఆ పన్ను మినహాయించింది.

అంతమాత్రాన ఇది పెరటి ఆట కాదు. మిథైల్ ఆల్కహాలు విషం. అది కడుపులోకి పోతే చూపు పోతుంది, ప్రాణమే పోవచ్చు. 65 డిగ్రీలకే మరిగి, దాని ఆవిరి ఇట్టే అంటుకొంటుంది. కాస్టిక్ సోడా చర్మాన్నీ కళ్ళనూ తినివేస్తుంది. ఎస్టరును సరిగా కడిగి ఆరబెట్టకపోతే మిగిలిన సబ్బూ నీరూ ఇంజనును పాడుచేస్తాయి. పాఠశాలలో ఆమ్లాన్ని కొలిచే పరీక్షవరకు ఉపాధ్యాయుని సమక్షంలో చేయవచ్చు. ఇంధనం తయారీని తగిన సాధనాలు గల కర్మాగారానికి విడిచిపెట్టడమే మేలు.

రెండవ మూకుడా, ఇంజనా?

పెద్ద హోటళ్ళలో వాడిన నూనె చాలకాలం చిన్న దుకాణాలకు చౌకగా చేరి, తిరిగి మూకుడెక్కి, ఆ చౌక తిండి తినేవారి కడుపులోకే పోతూ వచ్చింది. దీనిని అరికట్టడానికి భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ వేపుడు నూనెలోని ధ్రువ సమ్మేళనాలు 25 శాతం మించరాదని 2018 జులై నుండి అమలుపరచింది. ఆగస్టులో అటువంటి నూనెను సేకరించి బయోడీజిల్ తయారీకి పంపే పథకాన్ని ప్రారంభించింది. 2030 నాటికి డీజిల్‌లో 5 శాతం బయోడీజిల్ కలపాలని అదే సంవత్సరపు జాతీయ విధానం లక్ష్యంగా పెట్టుకొంది.

వాడిన నూనెతో దేశంలోని లారీలన్నీ నడుస్తాయని ఎవరూ ఆశించలేరు. అంత నూనె లేదు. అయినా ఇంజనులోకి పోయిన ప్రతి లీటరూ మరొక మూకుడులోకి పోకుండా తప్పిన లీటరే. ఆగస్టు 10న విద్యార్థులకు చెప్పవలసిన సంగతి ఇదే.